ఐదు మీటర్ల టిల్టింగ్ ఫ్లూమ్: బిల్లు పాస్ చేసే ముందు ఏం చూడాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల హైడ్రాలిక్స్ ల్యాబుల్లోకి దిగే టిల్టింగ్ ఫ్లూములు (వాలు మార్చగలిగే ప్రయోగ కాల్వలు) దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. పొడవు 5 మీటర్లు, వెడల్పు 300 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు 450 మిల్లీమీటర్లు. పక్కలకు అక్రిలిక్ షీట్లు, ధర కాస్త పెడితే టఫెన్డ్ గ్లాసు. కింద సంపు, 5 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు, ఒక చివర వాలు పెంచడానికి స్క్రూ జాకీ, పైన పట్టాల మీద జరుగుతూ నీటి మట్టం కొలిచే సూది, అంటే పాయింట్ గేజ్. తయారీదారు ఎవరైనా మంచిచెడ్డలు ఇంచుమించు ఇవే కాబట్టి ఈ సమీక్షలో ఏ కంపెనీ పేరూ లేదు.

ముందే తేల్చి చెప్పాలంటే, బీటెక్ సివిల్ రెండో ఏడాది పిల్లలకు ఇది చాలా మంచి పరికరం, కొనాల్సిందే. ఎంటెక్ ప్రాజెక్టుకు, పీహెచ్‌డీకి మాత్రం వచ్చింది వచ్చినట్టు పనికిరాదు. అడ్డం వచ్చేది పొడవు తక్కువ కావడమో పంపు చిన్నది కావడమో కాదు. ప్రవాహం, లోతు, వాలు అనే మూడు కొలతల మీద తయారీదారు చూపే అశ్రద్ధే అసలు అడ్డు. హైడ్రాలిక్స్‌లో అధ్యాపకుడిగా, పరిశోధకుడిగా ఎదగాలనుకునే వాళ్లు తమ ల్యాబులో ఈ మూడు కొలతలనూ గట్టిగా పట్టుకోకపోతే, పదేళ్ల తర్వాత కూడా చేతిలో ప్రచురించదగ్గ ఒక్క రీడింగు ఉండదు.

ముందు దీని గొప్పతనం. వేగంగా, పలచగా పారే నీరు ఒక్కసారిగా ఉబికి లోతుగా, నెమ్మదిగా మారడమే హైడ్రాలిక్ జంప్. హైడ్రాలిక్ జంప్‌ను ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా చూపించే సాధనం ఇంకోటి లేదు. సెకనుకు 12 లీటర్లు వదలండి. స్లూయిస్ గేటును (కింది నుంచి నీళ్లు వదిలే తలుపును) అడుగు నుంచి 33 మిల్లీమీటర్లు ఎత్తండి. గేటు వెనక నీళ్లు 220 మిల్లీమీటర్ల దాకా నిలుస్తాయి. గేటు దాటిన ధార సన్నబడి 20 మిల్లీమీటర్ల లోతుకు, సెకనుకు 2 మీటర్ల వేగానికి వస్తుంది. ఫ్రౌడ్ సంఖ్య (అలల వేగంతో పోల్చితే నీటి వేగం ఎన్ని రెట్లో చెప్పేది) 4.5 అవుతుంది, అంటే జంప్ నిలకడగా నిలబడే శ్రేణి మొదలయ్యే చోటు. దిగువ చివరనున్న టెయిల్ గేటును నెమ్మదిగా లేపుతూ పోతే జంప్ వెనక్కి నడిచొచ్చి గాజు మధ్యలో నిలుస్తుంది. సూత్రం ప్రకారం అవతలి లోతు 118 మిల్లీమీటర్లు రావాలి. జంప్ పొడవు దానికి దాదాపు ఆరు రెట్లు, అంటే 700 మిల్లీమీటర్లు. గేటు దాటిన నీటికి ఉన్న 224 మిల్లీమీటర్ల శక్తిలో (శక్తిని నీటి ఎత్తుగా లెక్కిస్తారు) 100 మిల్లీమీటర్లు ఆ ముప్పావు మీటరు లోపలే సుడులుగా కరిగిపోతాయి. కాల్వ డ్రాపు (నీరు ఒక్కసారిగా కిందికి దిగే కట్టడం) కింద సిస్టర్న్ (నీటి వేగం చంపే తొట్టి) ఎందుకు కడతారో, దాని పొడవు తగ్గిస్తే అవతల అడుగు ఎందుకు కోసుకుపోతుందో బోర్డు మీద గంటసేపు చెప్పినా ఎక్కదు. ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కుతుంది.

ఈ ప్రయోగంలోనే మొదటి లోపం బయటపడుతుంది. చదునైన నున్నటి అడుగు మీద జంప్ చాలా సున్నితం. టెయిల్ గేటు దగ్గర లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు మారితే చాలు, జంప్ జానెడు దాకా అటో ఇటో జరుగుతుంది. చాలా ఫ్లూముల్లో టెయిల్ గేటు ఒట్టి పలక; చేత్తో లేపి పిన్ను గుచ్చాలి. పిన్ను రంధ్రాల మధ్య ఎడం 20, 25 మిల్లీమీటర్లు ఉంటుంది. దాంతో జంప్‌ను కోరిన చోట నిలపడం కుదరదు. సన్న మరల స్క్రూ, చేతి చక్రం ఉన్న టెయిల్ గేటే కావాలని ఆర్డరులో రాయాలి. జంప్ తర్వాత నీటి మట్టం ఎటూ ఐదారు మిల్లీమీటర్లు ఊగుతుంది కాబట్టి పై అంచు, కింది అంచు రెండూ చదివి సగటు తీయాలి. అలా తీసిన అవతలి లోతు సూత్రం చెప్పినదానికంటే కొంచెం తక్కువే వస్తుంది. అడుగు రాపిడిని సూత్రం లెక్కలోకి తీసుకోదు కదా. కచ్చితంగా 118 రాసుకొచ్చిన రికార్డు పుస్తకం కనిపిస్తే ఆ బ్యాచ్ ఫ్లూమ్ దగ్గరికి వెళ్లిందో లేదో కనుక్కోవడం మంచిది.

ఇక ప్రవాహం కొలత. సాధారణంగా రెండు ఏర్పాట్లలో ఒకటి ఇస్తారు. డెలివరీ పైపులో ఆరిఫిస్ మీటరు (మధ్యలో రంధ్రం ఉన్న పలక; దానికి అటూఇటూ పీడనం తేడా చూసి ప్రవాహం కడతారు), లేదా ఫ్లూమ్ చివర తొట్టిలో 90 డిగ్రీల వీ-నాచ్, అంటే V ఆకారపు గాడి కోసిన పలక. ఆరిఫిస్ పలకకు ముందు పైపు వ్యాసానికి కనీసం పది రెట్లు తిన్నటి పైపు ఉండాలి. మన ల్యాబులకు వచ్చే వాటిలో స్థలం కలిసొస్తుందని ఎల్బో దిగగానే పలక బిగిస్తారు. నీరు మెలికలు తిరుగుతూ వచ్చి పలకను తాకుతుంది. అప్పుడు పుస్తకంలోని గుణకం (రీడింగును ప్రవాహంగా మార్చే సంఖ్య) ఆ పలకకు వర్తించదు. ఈ రెండింట్లో వీ-నాచే మేలు. కానీ అందులోనూ గేజును నాచ్ పక్కనే పెట్టేస్తారు. నాచ్ మీద నీటి ఎత్తు 150 మిల్లీమీటర్లు ఉంటే గేజు కనీసం 600 మిల్లీమీటర్లు ఎగువన ఉండాలి. దగ్గరగా పెడితే నీళ్లు కిందికి వంగే చోట చదువుతాం, ప్రవాహం తక్కువ కనిపిస్తుంది.

వీ-నాచ్‌లో ప్రవాహం ఎత్తుకు రెండున్నర ఘాతంలో పెరుగుతుంది. 150 మిల్లీమీటర్ల దగ్గర సెకనుకు 12 లీటర్లు. అక్కడ 1 మిల్లీమీటరు తప్పితే ప్రవాహం 1.7 శాతం తప్పుతుంది. అదే 1 మిల్లీమీటరు 50 దగ్గర తప్పితే 5 శాతం. అందుకే నాచ్ మొన (V అడుగు కోణం) మట్టం, అంటే సున్నా ఎక్కడన్నది తేల్చడం ముఖ్యం. నీళ్లు కారడం ఆగిన మట్టాన్నే సున్నా అనుకోవడం అందరూ చేసే పని. అది తప్పు. నీటి ఉపరితల బిగువు వల్ల మొన కంటే కొంచెం పైనే కారడం ఆగిపోతుంది. సరైన పద్ధతి ఇది: 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నున్నటి స్టీలు కడ్డీని నాచ్‌లో అడ్డంగా పడుకోబెట్టి, రెండో చివరను స్పిరిట్ లెవల్ పెట్టి సమం చేయాలి. 90 డిగ్రీల నాచ్‌లో ఆ కడ్డీ పై అంచు మొనకు సరిగ్గా 24.1 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పాయింట్ గేజ్ మొనను ఆ పై అంచుకు తాకించి చదివి, అందులోంచి 24.1 తీసేస్తే సున్నా దొరుకుతుంది.

తర్వాత తొట్టితో సరిచూడాలి. చదరపు మీటరు అడుగున్న కలెక్టింగ్ ట్యాంకులో 12 లీటర్ల ప్రవాహానికి మట్టం సెకనుకు 12 మిల్లీమీటర్లు లేస్తుంది. 25 సెకన్లు నింపితే 300 మిల్లీమీటర్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో పావు సెకను అటూఇటూ అయినా 1 శాతమే. ట్యాంకు అందులో సగమే ఉంటే ఆ తప్పు రెట్టింపవుతుంది. ఎనిమిది పది ప్రవాహాలకు ఇలా తీసి, ఎత్తునూ ప్రవాహాన్నీ లాగ్ కాగితం మీద గీస్తే గీత వాలు 2.5 రావాలి. స్పష్టంగా దానికి దూరంగా వస్తే గుణకాన్ని మార్చుకుంటూ కూర్చోకుండా మళ్లీ సున్నా దగ్గరికే వెళ్లాలి.

లోతు కొలతలో గేజుకంటే పట్టాలు ఎక్కువ మోసం చేస్తాయి. గేజు వెర్నియర్ 0.1 మిల్లీమీటరు చదువుతుంది, అందులో తేడా లేదు. అది నడిచే పట్టా మధ్యలో రెండు మిల్లీమీటర్లు కుంగి ఉంటే ఆ 0.1కి అర్థం లేదు. దీన్ని పట్టుకునే పరీక్షకు పైసా ఖర్చు లేదు. టెయిల్ గేటు మూసి, ఫ్లూమ్‌లో 100 మిల్లీమీటర్లు నీళ్లు నింపి, పంపు ఆపి, అలలు తగ్గేదాకా అరగంట ఆగాలి. నిలిచిన నీళ్ల మట్టం అంతటా ఒకటే. అరమీటరుకు ఒక చోట గేజుతో నీటి ఉపరితలాన్ని చదవండి. రీడింగులు ఎక్కడ మారితే అక్కడ పట్టా వంగినట్టు. అవే చోట్ల అడుగును కూడా చదివితే అడుగు వంపు తెలుస్తుంది. రెండు వరుసల అంకెలను ఒక పట్టికగా రాసి ఫ్లూమ్ పక్కన గోడకు అంటించాలి. ఆ తర్వాత ఏ ప్రయోగమైనా ఆ దిద్దుబాటుతోనే. 5 మీటర్లలో అర మిల్లీమీటరు లోపల ఉంటే బాగుంది, 1 మిల్లీమీటరు దాకా సర్దుకోవచ్చు, 2 దాటితే మనిషిని పిలిపించి పట్టా కింది బోల్టులు సరిచేయించే దాకా బిల్లు ఆపాలి.

వాలు విషయం ఎవరూ పట్టించుకోరు. ఎక్కువ నష్టం చేసేది మాత్రం అదే. పై 12 లీటర్లనే తీసుకుందాం. ఈ వెడల్పులో క్రిటికల్ లోతు (ఫ్రౌడ్ సంఖ్య 1 అయ్యే లోతు) 55 మిల్లీమీటర్లు. గాజుకు మ్యానింగ్ గుణకం (కాల్వ గరుకుతనాన్ని చూపే సంఖ్య) 0.010 అనుకుంటే క్రిటికల్ వాలు (నీరు ఆ లోతులోనే పారే వాలు) దాదాపు 255కి 1. ఐదు మీటర్ల పొడవు మీద అది 20 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే. 500కి 1 వాలు పెట్టి గుణకం కట్టే ప్రయోగంలో ఎత్తు తేడా 10 మిల్లీమీటర్లే. జాకీ మర వదులు వల్ల అందులో 1 మిల్లీమీటరు తప్పిందంటే వాలు 10 శాతం, గుణకం 5 శాతం తప్పినట్టు. అక్కడ నీటి లోతు 69 మిల్లీమీటర్లు ఉంటుంది. లోతు చదవడంలో అదే 1 మిల్లీమీటరు తప్పితే గుణకంలో తేడా 2 శాతమే. పిల్లలు లోతును పదిసార్లు చదివి, వాలును జాకీ మీది స్కేలు చూసి ఒక్కసారి రాసేస్తారు. చేయాల్సింది దీనికి తలకిందులు. వాలు పెట్టాక మళ్లీ నిలిచిన నీళ్ల పరీక్షే చేసి, రెండు చివర్ల లోతుల తేడా నుంచి వాలు కట్టాలి. జాకీని ఎప్పుడూ కింది నుంచి పైకే తిప్పుతూ ఆపాలి. పైకి పోయి కొంచెం దించితే మర వదులు మొత్తం రీడింగులోకి వస్తుంది.

ఇంకో మాట. 5 మీటర్ల ఫ్లూమ్‌లో సమప్రవాహం, అంటే పొడవంతా ఒకే లోతు ఉండే ప్రవాహం, దానంతట అది రాదు. టెయిల్ గేటు పూర్తిగా దించితే చివర నీళ్లు జారిపోతూ ఆ వంపు ఎగువకు చాలా దూరం పాకుతుంది. ఒకటిన్నర మీటరు దగ్గర, మూడున్నర మీటర్ల దగ్గర లోతులు సమానమయ్యే దాకా టెయిల్ గేటును సర్ది, అప్పుడే సమప్రవాహం అనాలి. సిమెంటు లైనింగు కాల్వకు డిజైనులో 0.018 వాడతారు కదా, ఇక్కడ 0.010 ఏంటని పిల్లలు అడుగుతారు. గాజు నునుపు వేరు, లైనింగు అతుకులు, నాచు, ఒండ్రు వేరు. ఆ ప్రశ్న వచ్చిందంటే ప్రయోగం ఫలించినట్టే.

పంపు, సంపు విషయంలో కక్కుర్తి బాగా కనిపిస్తుంది. జంప్ ప్రయోగం మొదలుపెట్టగానే ఫ్లూమ్‌లోనే 250, 300 లీటర్లు నిలుస్తాయి, ఇన్‌లెట్ తొట్టి ఇంకో 300 దాకా పట్టుకుంటుంది. సంపు 800 లీటర్లదే అయితే మట్టం అడుక్కి పోయి, సక్షన్ పైపు మూతి దగ్గర సుడి తిరిగి గాలి లాగుతుంది. గాలి లాగితే మానోమీటరులో బుడగలు, ఫ్లూమ్‌లో తెల్లటి నురగ, పంపులో గరగర. సంపు కనీసం 1500 లీటర్లు అడగాలి. సక్షన్ పైపు కూడా చూడాలి. 80 మిల్లీమీటర్ల పైపులో 25 లీటర్లు లాగితే వేగం సెకనుకు 5 మీటర్లు. సుడి రాక తప్పదు. 150 మిల్లీమీటర్ల పైపయితే 1.4 మీటర్లకు దిగుతుంది. డెలివరీ వాల్వు సగం మూసి ప్రవాహం తగ్గించడం కంటే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టించుకోవడం నయం. మోటారు వేగం నిలకడగా ఉంటుంది, సన్న ప్రవాహాల దగ్గర వాల్వు అదురు ఉండదు. వీఎఫ్‌డీ లేకుండా కొంటే మాత్రం సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటారును ఆపే పరికరం) తప్పనిసరి. బోరు మోటార్లు కాలిపోయే ప్రతి ఊళ్లో దాని అవసరం రైతుకు తెలుసు. ల్యాబు మోటారుకు పెట్టాలని చాలా కాలేజీలకు తోచదు.

అక్రిలిక్కా, గాజా? మా ఓటు గాజుకే. 400 మిల్లీమీటర్ల నీళ్లు గోడ మీద మీటరు పొడవుకు 80 కిలోల బరువంత నెడతాయి. పెద్ద బలమేమీ కాదు, మందం సరిపోతే రెండూ తట్టుకుంటాయి. తేడా ఎండలో తెలుస్తుంది. రేకుల షెడ్డులో ల్యాబు ఉంటే పొద్దటికీ మధ్యాహ్నానికీ, చలికాలానికీ మే నెలకూ మధ్య 25 డిగ్రీలు మారడం ఇక్కడ మామూలు. రెండున్నర మీటర్ల అక్రిలిక్ షీటు అంత వేడికి 4 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాన్ని పట్టుకున్న స్టీలు ఫ్రేము మిల్లీమీటరు కూడా సాగదు. షీటు ఉబ్బి, సిలికాన్ అతుకు చీలి, ఎండాకాలం సెలవులు అయ్యేసరికి అతుకు కింద నీటి చార కనిపిస్తుంది. మళ్లీ సిలికాన్ పూసే ముందు పాతది బ్లేడుతో పూర్తిగా గీకి, ఆరబెట్టి, పూశాక ఒక రోజు ఆగాలి. పాత దాని మీదే పూస్తే వారం ఆగదు.

నీళ్ల సంగతి మన జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. నల్లగొండ బోరు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఫ్లూమ్‌కు దానితో పేచీ లేదు, కాఠిన్యంతోనే పేచీ. బోరు నీళ్లు పోసి నెల రోజులు వదిలేస్తే నీటి మట్టం దగ్గర గాజు మీద తెల్లటి పట్టీ కడుతుంది. దాని వెనక నీటి ఉపరితలం మసకగా కనిపించి పాయింట్ గేజ్ మొన ఎప్పుడు తాకిందో తెలియదు. పిజోమీటరు (నీటి పీడనం చూపే గొట్టం) రంధ్రాలు రెండు మూడు మిల్లీమీటర్లవే. సున్నం, తుప్పు కలిసి వాటిని మూసేస్తాయి. ఒక గొట్టంలో మట్టం మిగతావాటికంటే ఆలస్యంగా కదులుతుంటే రంధ్రం మూసుకుపోతున్నట్టు లెక్క. వానాకాలంలో మేడ మీది నీళ్లు పట్టి సంపు నింపుకోవడం, లేదంటే కృష్ణా నీళ్ల ట్యాంకరు తెప్పించడం మేలు. కావాల్సింది రెండు వేల లీటర్ల లోపే. పట్టీ కట్టాక నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో తుడవాలి. గిన్నెలు తోమే పీచు అక్రిలిక్‌ను తాకకూడదు, థిన్నర్ అసలు తాకకూడదు, సన్న చీలికలు వస్తాయి. సంపు మైల్డ్ స్టీలుదయితే లోపల ఎపాక్సీ పూత ఉండాలి; ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) అయితే ఈ గొడవే లేదు.

ఇప్పుడు పరిశోధన. ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలామంది యువ అధ్యాపకులు వరంగల్ ఎన్‌ఐటీలోనో హైదరాబాద్‌లోనో పీహెచ్‌డీకి నమోదై, ప్రయోగాలు సొంత కాలేజీలో చేసుకోవచ్చని ఆశపడతారు. అది ఎంతవరకు కుదురుతుందనేది ఎంచుకునే అంశాన్ని బట్టి ఉంటుంది. మత్తడి మీద ప్రవాహం బాగా కుదురుతుంది. మన చెరువుల మత్తళ్లు చాలావరకు వెడల్పాటి మకుటం (పై అంచు) ఉన్న వియర్లే, అంటే నీళ్లు పొర్లిపోయే అడ్డుగోడలే. అంచు గుండ్రం చేస్తే, మెట్లు కడితే, మత్తడి కిందే తూటికాడ పెరిగి నీరు వెనక్కి ఎక్కితే గుణకం ఎంత మారుతుందన్నది 300 మిల్లీమీటర్ల ఫ్లూమ్‌లో నిజాయితీగా చేయదగ్గ పని. వేగాల పంపిణీ, టర్బులెన్సు (సుడుల అలజడి) మీద పని చేయాలంటే కష్టం. వెడల్పు లోతుకు ఐదు రెట్లు లేకపోతే పక్క గోడల ప్రభావం మధ్య దాకా వస్తుంది. అంటే లోతు 60 మిల్లీమీటర్లు దాటకూడదు. ధ్వని తరంగాలతో నీటి వేగం కొలిచే అకౌస్టిక్ డాప్లర్ ప్రోబు తన మూతికి 50 మిల్లీమీటర్ల కింద కొలుస్తుంది. 60 మిల్లీమీటర్ల నీళ్లలో దానికి మిగిలేది అడుగున ఒక్క పొర. లక్షలు పెట్టి ఆ ప్రోబు కొనే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

వంతెన స్తంభాల దగ్గర కోత మీద అందరికీ మోజు. స్తంభం వ్యాసం ఫ్లూమ్ వెడల్పులో పదో వంతు మించకూడదు కాబట్టి 30 మిల్లీమీటర్లు. ఇసుక రేణువు దానికి యాభయ్యో వంతు, 0.6 మిల్లీమీటర్లు. గుంత స్తంభం వ్యాసానికి 2.4 రెట్ల దాకా దిగొచ్చు, అంటే 72. ఇసుక పొర 100 ఉండాలి. పంపుకు ముందు ఇసుక పట్టే తొట్టి లేకపోతే ఇంపెల్లర్ అరిగిపోతుంది. ప్రయోగం మొదలయ్యేటప్పుడు నీళ్లను దిగువ వైపు నుంచి సన్నగా నింపి, కావాల్సిన లోతు వచ్చాకే పంపు వేయాలి. పొడి ఇసుక మీద నేరుగా వేస్తే కొలవకముందే గుంత పడుతుంది. గుంత స్థిరపడటానికి రెండు రోజులకు పైగా ఆపకుండా నడపాల్సి రావచ్చు. జనరేటరు లేని కాలేజీలో ఈ అంశం ఎంచుకోవద్దు.

స్పిల్‌వే (డ్యాము మీదుగా వరద నీళ్లు వదిలే భాగం) మోడళ్ల సంగతీ అంతే. నాగార్జునసాగర్ 26 గేట్లలో ఒక్కోటి దాదాపు 14 మీటర్ల వెడల్పు. 50కి 1 స్కేలులో అది 280 మిల్లీమీటర్లు, మన ఫ్లూమ్‌లో పడుతుంది. ప్రవాహం స్కేలు 50కి రెండున్నర ఘాతం, సుమారు 17,700. అంటే మన 12 లీటర్లు అక్కడ ఒక గేటు మీద 212 ఘనపు మీటర్లకు, దాదాపు 7,500 క్యూసెక్కులకు సమానం. మకుటం మీద నీటి వంపు చూడటానికి ఇది చాలు. 124 మీటర్ల డ్యాము మొత్తం మాత్రం ఈ స్కేలులో రెండున్నర మీటర్ల ఎత్తవుతుంది. అది పుణె ఖడక్‌వాస్లాలోనో హిమాయత్‌సాగర్‌లోనో ఉన్న పెద్ద ల్యాబుల పని.

కొనుగోలు పత్రంలో రాయించాల్సినవి: పట్టా వంపు 5 మీటర్లలో 1 మిల్లీమీటరు లోపు అని నిలిచిన నీళ్ల పరీక్షతో మన ల్యాబులోనే నిరూపించాలి, వీ-నాచ్‌ను మన కలెక్టింగ్ ట్యాంకుతో మన ముందే సరిచూడాలి, స్క్రూ టెయిల్ గేటు, 1500 లీటర్ల సంపు, 150 మిల్లీమీటర్ల సక్షన్, ఇన్‌లెట్‌లో హనీకోంబ్ (నీటిని తిన్నగా నడిపే తేనెపట్టు లాంటి జల్లెడ), దాని మీద అలలు ఆపే తేలే పలక. ధరలో పదో వంతైనా ఈ పరీక్షల తర్వాతే ఇస్తామని రాస్తే పరీక్షలు వాటంతట అవే జరుగుతాయి. స్పేర్లుగా పంపు మెకానికల్ సీల్ ఒకటి, గేజు మొనలు రెండు, అతుకుల రబ్బరు ఒక చుట్ట తీసుకోండి. సీల్ పోయాక నంబరు వెతుక్కుంటూ హైదరాబాద్ తిరిగే సరికి సెమిస్టరు ల్యాబు పరీక్షలు వచ్చేస్తాయి.